గోడ మీద గిన్నె

ఏమిటీ, రెండు కళ్లూ ఒకేరోజు చేయించేసుకుంటారా? మీ అబ్బాయికి సెలవు ఒక్కసారే దొరుకుతుందనా? ఇలా గోడ దగ్గరికి రండి వదినగారూ, అరిచి చెప్పే సంగతి కాదిది.

నేనూ అదే అడిగాను మా డాక్టరుగారిని. శుక్లాలు రెండింటికీ వచ్చాయి కదండీ, ఒక్క ఊపులో తీసేయకూడదా అని. ఆయన నవ్వి, "తీయొచ్చమ్మా, మీకు మాత్రం వద్దు" అన్నారు.

ఫిన్లాండ్‌లో అయితే ఏనాటినుంచో తీస్తున్నారట. నెదర్లాండ్స్‌లో ఉన్న మా మేనల్లుడూ చెప్పాడు. అక్కడ 10 ఆసుపత్రుల్లో 800 మందికి పైగా తీసుకుని, సగం మందికి రెండు కళ్లూ ఒకేరోజు, మిగతావాళ్లకి విడివిడిగా చేసి చూశారట. అనుకున్న పవరు రావడంలో ఒకేరోజు వాళ్లేం వెనకబడలేదని 2023లో లాన్సెట్ పత్రికలో పడిందట.

మరి మనవాళ్లెందుకు జంకుతారంటారా? కంటి లోపల చీము పట్టడం ఉంది చూశారూ, దానికే భయం. వెయ్యిమందిలో ఒకరికో, అంతకన్నా తక్కువమందికో వస్తుంది. కానీ వస్తే చూపే పోవచ్చు. ఒక కంటికి వస్తే రెండోది ఉందనుకుంటాం. రెండింటికీ ఒకేసారి పడితే?

మనం ఒక ఆవకాయ జాడీలో ముంచిన గరిటె ఇంకో జాడీలో పెడతామా? అదేనండీ లెక్క. ఒక కన్ను అయ్యాక రెండోది వేరే మనిషి కన్ను అనుకుని మొదలెట్టాలట. పనిముట్లు వేరు, గ్లౌజులు వేరు, మొహం మీద కప్పే గుడ్డ వేరు. గరిటె మార్చినా, ఉప్పే చెమ్మ పట్టినదైతే రెండు జాడీలూ పోతాయి కదా! అందుకని కంట్లో పోసే ద్రవం, మందులు కూడా వీలైతే వేరే బ్యాచివి వాడతారట. ఇంత మడిగా చేసేచోట ఒకేరోజు చేయించుకోవడం తప్పని నేననను. మా పెద్దత్తగారిలాగా మతిమరుపు ముదిరి, పూర్తిగా మత్తు ఇస్తేగాని పడుకోని వాళ్లకైతే అదే నయం. రెండుసార్లు మత్తెందుకు పాపం!

నా సంగతి వేరు. నాది మైనస్ తొమ్మిది. అంత పవరున్న కన్ను మామూలుకన్నా పొడుగ్గా ఉంటుందట, శుక్లం తీసి లోపల పెట్టే లెన్సు లెక్క కాస్త అటూ ఇటూ అవుతుందట. ముందు చేయించుకున్న కుడికన్నుకి అర పాయింటు తేడా వచ్చింది కూడా. అది చూసుకుని ఎడమకంటి లెన్సు లెక్క సవరిస్తామన్నారు. రెండూ ఒకేరోజు అయిపోతే ఆ సవరణ ఎక్కడిది? మీకు షుగరుంది, ముందు అది అదుపులో పెట్టుకుని, మీ డాక్టరుగారిని ఇవన్నీ నిలబెట్టి అడగండి. మీ అబ్బాయి సెలవు తరవాత.

విడిగా చేయించుకోవడం సుఖమని మాత్రం అనుకోకండి. పాత కళ్లజోడులో కుడి అద్దం తీయించేశాను. పెట్టుకుంటే ఎడమకంటికి అన్నీ చిన్నవిగా, కుడికంటికి మామూలుగా కనిపించి తల తిరుగుతుంది. తీసేస్తే ఎడమది మసక. కాంటాక్టు లెన్సు పెట్టుకోమన్నారుగాని, కంట్లో వేలు పెట్టుకోవడం నా వల్ల కాలేదు. మొన్న వీధి మెట్టు ఉందనుకుని గాల్లో అడుగేశాను, గేటు పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. పైగా చుక్కల మందు ఒక కంటికి నెల పైన, మళ్లీ రెండోదానికి మొదటినుంచీ.

ఒక తమాషా మాత్రం ఉంది. కుడికన్ను మూస్తే మీ గోడ టీ డికాక్షన్ పోసినట్టుంటుంది. ఎడమది మూస్తే తెల్లగా, కాస్త నీలం కొట్టినట్టు! ఇన్నాళ్లూ మీది గోధుమరంగు సున్నమనుకున్నానంటే నమ్ముతారా? మీ చీర కూడా అంతే, పసుపనుకున్నాను. మా వంటింటి గట్టు మీద జిడ్డు చూసుకుని రెండ్రోజులు ఏడుపొచ్చింది లెండి.

అదిగో, ఫోను మోగుతోంది, చుక్కల వేళ. ఒక చుక్క వేసి, అయిదు నిమిషాలాగి రెండోది వేయాలి. ఆ పప్పుచారు గిన్నె గోడ మీద పెట్టకండి, చేతికివ్వండి. నాకు గిన్నె ఒకచోట, గోడ ఒకచోట కనిపిస్తున్నాయి.