నాపబండ మీద నుంచి మా పెరడు

నంద్యాల హాస్టల్లో చదివే రోజుల్లో, సెలవులకు ఆళ్లగడ్డ వెళ్లిన ప్రతిసారీ మేమిద్దరు అన్నదమ్ములం పెరటిని ఫొటో తీసేవాళ్లం. ఒక్కదాంట్లో పట్టదు కదా! బట్టలుతికే నాపబండ మీద నిలబడి, పాదం కదలకుండా తిరుగుతూ ఆరు తీసేవాళ్లం. ముందు ఫొటోలోది మూడో వంతు తర్వాతి దాంట్లోనూ రావాలి. కాలు జరిగితే దగ్గరున్న మునగచెట్టు అతుకు దగ్గర రెండయ్యేది. హాస్టలుకొచ్చాక అట్ట మీద మైదా జిగురుతో అతికించేవాళ్లం (వాసన మీకూ గుర్తుండే ఉంటుంది).

ఎప్పుడూ అదే బండ కాబట్టి పక్కపక్కన పెడితే అంతా తెలిసేది. సంక్రాంతికి చిక్కుడు పందిరి, ఎండాకాలం నల్లరేగడి నెర్రెలు, దసరాకు గుమ్మడి తీగ.

అక్క పెళ్లికి సగం పెరడు అమ్మాం. ఆ తర్వాత మూడు ఫొటోలే సరిపోయాయి. అమ్మ మాత్రం పాత ఆరింటి అట్టనే గోడకు కొట్టించింది. మునగచెట్టు అవతలివాళ్ల వైపు పోయింది. కాయలు ఇప్పటికీ పంపిస్తారు.