సర్వర్ కొనాలా, అద్దెకు తీసుకోవాలా

ఈసారి సాహిత్యం కాదు, లెక్కలు. కంగారు పడకండి, కులం ఎలాగూ వస్తుంది.

నా దగ్గర డిగ్రీ చదివి వెళ్లిన నలుగురు పిల్లలు రెండేళ్లుగా ఒక ఆట తయారు చేస్తున్నారు. ఫోన్‌లో ఆడే ఆట. ఎనిమిది మంది కలిసి వాడ నుంచి ఊరి చెరువుకు వెళ్లి పొద్దుగూకేలోపు నీళ్లు తేవాలి. ఒకరు కాపలా కాయాలి, ఒకరు కుండ మోయాలి, ఒకరు ఈల వేసి సైగ చేయాలి. ఒంటరిగా వెళ్లినవాడు ఓడిపోవడం ఖాయం. 1927 మహాడ్ గురించి నేను క్లాసులో చెప్పే పాఠం కంటే ఈ ఒక్క నియమం ఎక్కువ చెప్తుంది. కొంచెం అసూయగా కూడా ఉంది.

ఎనిమిది ఊళ్లలో ఉన్న ఎనిమిది మంది ఒకే చెరువు గట్టు మీద నడవాలంటే మధ్యలో ఒక కంప్యూటర్ కావాలి. ఎవరు ఎక్కడున్నారు, కుండలో నీళ్లెన్ని, ముందు దొరికిందెవరు అనేది అది తేలుస్తుంది. కబడ్డీలో గీత దగ్గర నిలబడే అంపైర్ అనుకోండి. అదే సర్వర్. దాన్ని కొనాలా, నెలనెలా అద్దె కట్టాలా అని మూడు వారాలు కొట్లాడుకున్నాం. చేతిలో ఉన్నది 48,000 రూపాయలు. స్కాలర్‌షిప్‌లో మిగిల్చింది, ట్యూషన్లు చెప్పింది, ఒకడు రాత్రిళ్లు బండి మీద తిండి పొట్లాలు చేరవేసి కూడబెట్టింది.

నలుగురిలో ముగ్గురిది ఒకటే మాట. "కొందాం సార్. మనదంటూ ఒకటి ఉండాలి."

ఈ మాట ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు. టూలెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే అవతలివాళ్లు అద్దె ఎంతో చెప్పకముందే "మీరేమిట్లు?" అని అడుగుతారు. కౌలుకు దున్నిన భూమిని పంట చేతికొచ్చే ముందు వదిలిపెట్టిన తాతలు మనకున్నారు. మన ఇళ్లలో అద్దె అంటే ఎప్పుడైనా ఖాళీ చేయాల్సి రావడం. అందుకే నేను వాళ్లను వెంటనే కాదనలేదు. లెక్క వేద్దాం రండి అన్నాను.

సికింద్రాబాద్ సీటీసీలో ఎవరో వాడి వదిలేసిన సర్వర్లు దొరుకుతాయి. మా డబ్బులో ఒకటి వస్తుంది. తెచ్చాక ఎక్కడ పెడతాం? వాళ్ల గది రేకుల గది. మే నెలలో అందులో మనుషులే ఉడికిపోతారు. ఆ పెట్టె 120 వాట్లు తింటుందనుకుంటే, పగలూ రాత్రీ ఆడితే నెలకు 86 యూనిట్లు. యూనిట్ 8 రూపాయల లెక్కన దాదాపు 690 రూపాయలు కరెంటుకే. కరెంటు పోతే ఇన్వర్టర్. డిస్క్ పోతే ఇంకో డిస్క్. అది పోయేది కచ్చితంగా అందరూ ఆడుతున్న రాత్రే.

అసలు చిక్కు చిరునామాది. మొబైల్ ఇంటర్నెట్, చాలాచోట్ల ఇంటి బ్రాడ్‌బ్యాండ్ కూడా, ఎందరో వాడుకదారులను ఒకే బయటి చిరునామా వెనక పెడతాయి. క్యారియర్ గ్రేడ్ నాట్ అంటారు. మనం లోపలి నుంచి బయటికి వెళ్లగలం, బయటివాళ్లు నేరుగా వచ్చి మన తలుపు తట్టలేరు. డోర్ నంబర్లు లేని వాడకు ఉత్తరం రాసినట్టు ఉంటుంది. పోనీ ఆడేవాళ్లలో ఒకరి ఫోన్‌నే సర్వర్ చేద్దామా అంటే అక్కడా ఇదే అడ్డం. పైగా అతనికి వాళ్లమ్మ ఫోన్ చేస్తే ఆట మొత్తం ఆగుతుంది. స్థిరమైన చిరునామా, స్టాటిక్ ఐపీ, కావాలంటే దానికి వేరే డబ్బు కట్టాలి. అంటే పెట్టె కొన్నా కరెంటు అద్దెది, చిరునామా అద్దెది, గది సరేసరి.

కొనడం లాభమైన చోట్లు లేవని కాదు. థర్టీసెవెన్ సిగ్నల్స్ అనే అమెరికా కంపెనీ 2022లో క్లౌడ్ అద్దెకు 32 లక్షల డాలర్లు కట్టి, లెక్క చూసుకుని, దాదాపు 6 లక్షల డాలర్లతో సొంత సర్వర్లు కొనుక్కుంది. వాళ్లకు రోజూ ఒకే తీరు పని, ఏళ్ల తరబడి ఉంటుంది. వాటిని చూసుకునే జీతగాళ్లున్నారు. ఆట అలా ఉండదు. అమాంగ్ అస్ అనే ఆటను చిన్న బృందం 2018లో విడుదల చేస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2020 లాక్‌డౌన్‌లో లోకమంతా దాని మీద పడింది. మా పిల్లలు ఏప్రిల్ 14న విడుదల చేయాలనుకుంటున్నారు. ఆ మూడు రోజులు జనం వస్తారు. తర్వాత మంగళవారం మధ్యాహ్నం నలుగురు ఆడతారేమో. కొన్న పెట్టె ఆ రెండు రోజుల్లోనూ ఒకే సైజులో ఉంటుంది. అద్దె యంత్రాన్ని గంటల లెక్కన పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

అద్దె ఎంత? డిజిటల్ ఓషన్‌కు బెంగుళూరులో యంత్రాలున్నాయి. 2 జీబీ మెమరీ ఉన్న చిన్నది నెలకు 12 డాలర్లు. 18 శాతం జీఎస్టీ కలిపితే 1,200 రూపాయలు దాటుతుంది. ఒక్కో ఆటగాడికి సెకనుకు 5 కిలోబైట్లు పంపిస్తే, 40 మంది రోజుకు 4 గంటలు ఆడినా నెలకు 86 జీబీ. ఇదేం భారం కాదు. జర్మనీలో ఇంకా చవగ్గా వస్తుందని ఒకమ్మాయి వెతికి పెట్టింది. కానీ ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది. హైదరాబాద్ నుంచి అక్కడికి 7,000 కిలోమీటర్ల దూరం, రానూ పోనూ 14,000. తీగ తిన్నగా వేసినా 70 మిల్లీసెకన్లు. అసలు తీగలు తిన్నగా ఉండవు. ఈల వేశాక స్నేహితుడికి వినిపించేలోపు కాపలావాడు పట్టేసుకుంటే అది ఆటగాడి తప్పు కాదు కదా. బెంగుళూరే ఖాయం చేశాం.

ఇక్కడిదాకా అంకెలే. మాకు అసలు గొడవ అయింది "ఎవరి పేరు మీద?" అన్నచోట.

అద్దెకిచ్చే కంపెనీ "మీరేమిట్లు?" అని అడగదు. కార్డు అడుగుతుంది. నలుగురిలో ఒక్కరికీ క్రెడిట్ కార్డు లేదు. వాళ్ల ఆట నచ్చిన ఒక పెద్దమనిషి, పేరు అనవసరం, తన కంపెనీ ఖాతాలో ఉచితంగా పెడతానన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఖాతా ఎవరిదో తాళం వాళ్లది. ఆటలో ఒక పాత్ర మాట ఆయన బంధువులకు గుచ్చుకుంటే? "కొంచెం మార్చండి తమ్ముడూ" అని ఒక్క ఫోన్ చాలు. ఉచితం కంటే అద్దె గౌరవంగా ఉంటుందని పిల్లలే తేల్చారు. నాకు చాలా నచ్చిన సాయంత్రం అది. అంతర్జాతీయ చెల్లింపులకు పనికొచ్చే డెబిట్ కార్డు ఒకమ్మాయి బ్యాంకు నుంచి తెచ్చుకుంది. ఖాతా ఆ అమ్మాయి పేరు మీదే తెరిచారు.

డబ్బు కడితే సరిపోతుందా అంటే అదీ లేదు. 1920 జనవరి 31న మూక్‌నాయక్ మొదలైనప్పుడు, డబ్బు కట్టి ప్రకటన వేయించుకుంటామన్నా తిలక్ స్థాపించిన కేసరి వేయలేదు. అంబేద్కర్ సొంత ప్రెస్ దాకా వెళ్లడం వెనక ఆ అనుభవం ఉంది. కానీ ఆ ప్రెస్‌తో ముడిపడిన దాదర్ అంబేద్కర్ భవన్‌ను 2016 జూన్‌లో తెల్లవారకముందే కూల్చేశారు. ఆ యంత్రాలతో పాటు ఆయన రాతలు పోలేదంటే, ప్రతులు ఎన్నో చోట్ల ఎన్నో ఇళ్లలో ఉండబట్టి. "మనదంటూ ఒకటి" అన్న పిల్లలకు నేను చూపించింది ఈ రెండో సగమే. మన ఆట మీద ఫిర్యాదులు గుంపుగా వెళ్తాయి. కంపెనీ వాడు ఒక పూటలో ఖాతా ఆపేయొచ్చు. అప్పుడు మన చేతిలో ఏముంటుంది?

ఆడేవాళ్ల వైపు నుంచీ ఇదే ప్రశ్న. ది క్రూ అనే కార్ల ఆట సర్వర్లను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్లు కూడా ఇక ఆడలేరు. దాని మీదే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం పుట్టి, యూరప్‌లో 10 లక్షల సంతకాలు దాటింది. మరోవైపు 2021లో వచ్చిన వాల్హైమ్ ఉంది. స్వీడన్‌లో చిన్న బృందం చేసింది. దాని సర్వర్ ప్రోగ్రామ్‌ను ఆడేవాళ్లే తమ కంప్యూటర్లో నడుపుకోవచ్చు. మా పిల్లలు ఈ రెండోదారి పట్టారు. అద్దె కట్టలేని నెల వస్తే ఏ హాస్టల్ కుర్రాళ్లైనా, ఏ సంఘం ఆఫీసైనా ఆ చెరువును తమ దగ్గర నడుపుకోవాలి.

కాబట్టి యంత్రం అద్దెది. డొమైన్ పేరు మాత్రం సొంతం, వేరే కంపెనీలో వేరే ఖాతాతో కొన్నారు. రోజూ రాత్రి రెండింటికి ఆటగాళ్ల వివరాలు, కోడ్ మొత్తం నకలై రెండు చోట్లకు వెళ్తాయి. అందులో ఒకటి ఒకడి ఇంట్లో పాత ల్యాప్‌టాప్. డొమైన్ పేరు మన చేతిలో ఉంటే యంత్రం ఎక్కడికి మారినా ఆడేవాళ్లకు తెలియను కూడా తెలియదు. మొన్న ఆదివారం కావాలనే బెంగుళూరు యంత్రాన్ని ఆపేసి, ఇంకో కంపెనీలో అంతా మళ్లీ నిలబెట్టి చూశారు. గంటా పది నిమిషాలు పట్టింది. అరగంటకు దించాలని పంతం పట్టి కూర్చున్నారు.

ముగ్గురిలో ఒకడు ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఆడేవాళ్లు నిలకడగా ఐదు వందలు దాటాక పెట్టె కొనాల్సిందే అంటున్నాడు. అప్పటికి వాడి లెక్కే నిజం కావచ్చు. ఏడాది అద్దె, డొమైన్ తీసేయగా మిగిలిన 32,000లో కొంత పెట్టి ఈ వారం ఆరు పాత ఫోన్లు కొంటున్నారు. వాడలో పిల్లల చేతుల్లో ఉండేవి అవే, ఆట ముందు వాటిలో ఆగకుండా ఆడాలి.