సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అంటుకోవట్లేదు

“బండి స్టార్ట్ అవట్లేదు” అన్న ముక్కలో సమాచారం దాదాపు సున్నా. మనకొచ్చే టికెట్లలో “అప్లికేషన్ పనిచేయట్లేదు, అర్జెంట్” అని ఒక లైను పడేసి పోతారు చూడండి, అచ్చం అలాంటిదే. తాళం తిప్పితే టక్కుమని ఊరుకుందా, లేక ఇంజను మామూలుగానే తిరుగుతూ అంటుకోవట్లేదా? ఈ రెండూ వేర్వేరు జబ్బులు. మొదటిదైతే బ్యాటరీ, దాని టెర్మినళ్ళు, స్టార్టర్ మోటారు చూసుకోవాలి. రెండోదైతే ఆ మూడింటి తప్పూ లేదని బండి తనంతట తనే చెప్పేసినట్టు. అయినా సరే, మన ఊళ్ళలో రెండో జబ్బుకి కూడా మొట్టమొదట మారిపోయేది బ్యాటరీయే. ఎందుకలా అన్నదానికి నాకో అభిప్రాయం ఏర్పడింది. ముందు సంగతి చెబుతాను.

మా బాపు దగ్గర 1996 మోడల్ మారుతి 800 ఉంది. నంబరు ఏపీ 25తో మొదలయ్యే పాత నిజామాబాదు బండి, కార్బొరేటర్‌ది. వయసులో నాకంటే పెద్దది, ఇంట్లో ఆ మర్యాద దానికి జరుగుతుంది కూడా :). బాపు రిటైర్డ్ టీచరు, ఉండేది బోధన్‌లో. పోయిన వానాకాలం అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. దానికోసం ఇద్దరూ హైదరాబాదులో నా దగ్గర నెలన్నర ఉన్నారు. ఆ నెలన్నరా బండి అక్కడ వానలో నిలబడే ఉంది. తిరిగి వెళ్ళాక అమ్మని వారానికి రెండుసార్లు నిజామాబాదుకి ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. ఎడపల్లి, జానకంపేట మీదుగా పాతిక కిలోమీటర్ల పైచిలుకు. బస్సు మెట్లు ఆమె ఎక్కలేదు. ప్రతిసారీ కారు మాట్లాడుకుంటే పెన్షన్లో ఎంత మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి. సరిగ్గా అప్పుడే బండి మొరాయించింది.

బాపు ఒక మిస్త్రీని పిలిచారు. ఆయన చూసి బ్యాటరీ వీక్ అన్నాడు, కొత్తది పడింది. ఇంజను ఇంకాస్త హుషారుగా తిరిగింది, అంటుకోలేదు. ప్లగ్గులన్నాడు, మూడూ మారాయి. తర్వాత హెచ్‌టీ కాయిల్ మారింది. మొత్తం ఏడు వేల చిల్లర అయ్యాక, “కార్బొరేటర్ ఖతం అయింది సార్, దీనికి సామాను దొరకదు, తుక్కుకిచ్చేయండి, ఇరవై వేలు ఇప్పిస్తా” అన్నాడట. ఆ రాత్రి బాపు ఫోన్ చేశారు. “అమ్మేద్దామంటవారా?” అని అడిగిన గొంతులో అమ్మాలన్న ఉద్దేశం ఏ కోశానా లేదు. కొత్త కారు కొనిస్తానంటే ఒప్పుకునే మనిషి కాదు. “నీ ఈఎమ్ఐలు నీకు చాలవా?” అంటారు.

“ఏమవుతుందో సరిగ్గా చెప్పు బాపూ” అంటే, “సెల్ఫ్ కొడ్తున్న, మంచిగనే తిరుగుతుంది, గాని పట్టుకుంటలేదు” అన్నారు. ఒక్క వాక్యం, కానీ మొదటి టికెట్ కంటే ఎంత మెరుగో చూడండి. వాట్సాప్‌లో ఆ చప్పుడు పంపించమన్నాను. రుర్ర్, రుర్ర్, రుర్ర్ అని తూగుతూ, బలంగా తిరుగుతోంది. ఈ తూగు ముఖ్యం. ఒక్కో సిలిండర్లో పిస్టన్ పైకొచ్చి గాలిని నొక్కినప్పుడల్లా స్టార్టర్ మీద బరువు పడుతుంది, అందుకే ఆ తూగు. టైమింగ్ బెల్టు తెగిపోయుంటే వాల్వులు కదలవు, గాలి సరిగ్గా నొక్కుకోదు, ఇంజను ఏ బరువూ లేనట్టు గర్ర్‌మని ఒకే శ్రుతిలో తిరుగుతుంది. ఒకసారి విన్నవాళ్ళు ఆ తేడా మర్చిపోరు.

పెట్రోలు ఇంజనుకి కావలసినవి పెద్దగా ఏమీ లేవు. గాలీ పెట్రోలూ తగుపాళ్ళలో కలిసి లోపలికి రావాలి, అది గట్టిగా నొక్కుకోవాలి, సరైన క్షణంలో నిప్పురవ్వ పడాలి. అంతే. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మొదటి మారుతి 800కైనా, ఇవాళ షోరూములో ఉన్న బండికైనా ఇదే. బండి తిరుగుతూ అంటుకోవట్లేదంటే ఈ నాలుగైదు విషయాల్లో ఏదో ఒకటి లేనట్టు. వెతకాల్సిన ఊరు చాలా చిన్నదన్నమాట.

శనివారం పొద్దున్నే జేబీఎస్‌లో బస్సెక్కి బోధన్‌లో దిగాను. మా పక్క వీధిలో ఒక కాక ఉంటాడు, షుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. నేను బానెట్ ఎత్తానని తెలిసి లుంగీ మీదే వచ్చేశాడు. తెలియనివాళ్ళకి చెప్పాలి: 1937లో నిజాం కాలంలో ఇక్కడ శక్కర్‌నగర్‌లో పెట్టిన ఫ్యాక్టరీ అది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని మా స్కూల్లో గొప్పగా చెప్పేవాళ్ళు. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది, 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. మా ఊళ్ళో యంత్రం చప్పుడు విని రోగం చెప్పగలిగే ముసలివాళ్ళు వీధికొకరు ఉండటానికి కారణం ఆ ఫ్యాక్టరీయే.

కాక వచ్చీ రాగానే ఏం మార్చారని అడగలేదు. “ఏమేం మంచిగున్నయో తేలిందా?” అని అడిగాడు. ఆ ప్రశ్నకి నేను పడిపోయాను. సీజన్లో మిల్లు ఆగితే యార్డులో చెరుకు బండ్లు బారులు తీరి ఉంటాయట. కోసిన చెరుకు ఆగదు కదా, ఒక రోజు దాటితే అందులో పంచదార పడిపోవడం మొదలవుతుంది. “గప్పుడు ఇది మారుస్త, అది మారుస్త అంటే నడ్వదు బిడ్డా. మిల్లు రోలరు మార్చి చూస్తామంటే ఏడికెల్లి తెస్తవ్? ముందుగాల మంచిగున్నయి పక్కకు పెట్టాలె. మిగిలిందే చెడిపోయింది” అన్నాడు. గిట్ బైసెక్ట్ వాడినవాళ్ళెవరికైనా ఈ మాట కొత్త కాదు. నేను ఆఫీసులో నేర్చుకున్నదాన్ని ఆయన రోలర్ల పక్కన నిలబడి నేర్చుకున్నాడు.

ఇక పని. కాసేపు సెల్ఫ్ కొట్టి సైలెన్సరు దగ్గర వాసన చూశాం, పచ్చి పెట్రోలు వాసన లేదు. ఒక ప్లగ్గు విప్పితే పొడిగా ఉంది. అది తడిసి ఉంటే కథ వేరు: పెట్రోలు ఎక్కువై ఇంజను మునిగిపోయినట్టు. అప్పుడు చోక్ తీసేసి, ఎక్సలేటర్ కిందిదాకా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే గాలి ఆడి ఆరుతుంది. ఆ ప్లగ్గునే వైరుకి తగిలించి, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయరుతో పట్టుకుని ఇంజను ఇనుముకి ఆనించి బాపుని సెల్ఫ్ కొట్టమన్నాను. నీలంగా, చిటచిటమని నిప్పురవ్వ. అంటే కాయిల్, డెల్కో, వైర్లు అన్నీ పక్కకు. (పెట్రోలు ఆవిరి ఉన్నచోట ఈ పరీక్ష పొరపాటున కూడా చేయకండి.)

తర్వాతది కాక ఆలోచన. ప్లగ్గు మళ్ళీ బిగించి, ఎయిర్ ఫిల్టరు మూత తీసి, సిరంజీతో రెండు మూడు మిల్లీలీటర్ల పెట్రోలు కార్బొరేటర్ గొంతులో పోసి, సీసా దూరంగా పెట్టి, మొహం పక్కకు తిప్పుకుని సెల్ఫ్ కొట్టమన్నాడు. ఇంజను భళ్ళుమని లేచి, రెండు క్షణాలు పరుగెత్తి, చచ్చిపోయింది.

బాపు మొహం వాడిపోయింది, నాకేమో ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆ రెండు క్షణాల్లో నిప్పురవ్వ, దాని టైమింగు, కంప్రెషన్, బెల్టు, అన్నీ ఒకేసారి పాసయ్యాయి. మిగిలింది ఒక్కటే: ట్యాంకులో ఉన్న పెట్రోలు గొంతుదాకా రావట్లేదు.

ఈ పాత 800లో పెట్రోలు పంపు కరెంటుది కాదు, ఇంజను తిరిగితేనే లాగుతుంది. కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి ఖాళీ సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టాం. రెండు చుక్కలు, నాలుగు బుడగలు. పంపు పోయిందనుకుని కొత్తది తెచ్చేయడానికి ఇదే మంచి చోటు :). కాక ఆపాడు. ట్యాంకు వైపు నుంచి పంపుకి వచ్చే గొట్టం తీసేసి, దాని బదులు పెట్రోలు నింపిన చిన్న సీసా తగిలించాడు. ఈసారి పంపు దర్జాగా పిచికారీ కొట్టింది. సో, పంపు కూడా పక్కకు. చివరికి బండి కింద పడుకుని వెనకదాకా తడుముకుంటూ పోతే, ట్యాంకు దగ్గర జానెడు రబ్బరు గొట్టం, క్లిప్పు కింద సన్నగా పగిలి కనిపించింది. వేలితో వంచితే బిస్కట్‌లా పెళుసు. పంపు లాగేటప్పుడు ఆ పగులులోంచి గాలి వస్తుంది, పెట్రోలు రాదు. బండి కింద తడి ఎందుకు లేదా అని మొదట నాకూ అనుమానం వచ్చింది. ఆ చోటు ట్యాంకులో పెట్రోలు మట్టం కంటే పైనుంది, అందుకే బయటికి కారకుండా గాలిని మాత్రం లోపలికి పీల్చుకుంది.

మీటరు పెట్రోలు గొట్టం, నాలుగు క్లిప్పులు, ఒక ఫిల్టరు. అన్నీ కలిపి మూడు వందలు కూడా కాలేదు. పదిసార్లు సెల్ఫ్ కొట్టాక కార్బొరేటర్ నిండి బండి లేచింది. ముసలిదానిలా దగ్గి, తర్వాత నిలకడగా నడిచింది. అమ్మ వాకిట్లో వాకర్ పట్టుకుని నిలబడి, “సోమవారం పోదామా ఇగ?” అంది.

ఇప్పుడు ఆ బ్యాటరీ సంగతి. మిస్త్రీ దొంగ అని తేల్చేయడం తేలిక, బాపు తేల్చేశారు కూడా. కానీ ఆలోచించండి. ఒక మిస్త్రీ గంటసేపు బండి చుట్టూ తిరిగి, చప్పుడు విని, ప్లగ్గు చూసి, గొట్టం దొరికించుకుని మూడు వందల సామానుకి ఎనిమిది వందలు అడిగాడనుకోండి, మనం ఇస్తామా? “ఏం మార్చినవ్? పైపేసినవ్ అంతే గదా” అంటాం. అదే నాలుగు వేల బ్యాటరీ పెడితే వారంటీ కార్డు చేతికొస్తుంది, మెరుస్తూ కంటికి కనిపిస్తుంది, మారుమాట్లాడకుండా ఇస్తాం. వెతికినందుకు పైసా రాని చోట, సామాను మీద మిగిలే నాలుగు రూకలతో ఇల్లు గడవాల్సిన చోట, ప్రతి జబ్బూ సామాను జబ్బులాగే కనిపిస్తుంది. కాక ఎలా నేర్చుకోగలిగాడు? ఏదైనా మార్చినా, మార్చకపోయినా ఒకటో తారీఖున జీతం వచ్చింది, పైగా మిల్లు త్వరగా నడిస్తే మెచ్చుకున్నారు. మనదీ అదే వైభోగం. నేను ఒక నల్ పాయింటర్ కోసం మూడు రోజులు వెతికి ఒక్క లైను మార్చినా జీతంలో కోత పడలేదు. (“ఒక్క లైనేనా?” అని అడిగే మేనేజర్లు ఉంటారనుకోండి.)

అలాగని ఆయన్ని పూర్తిగా వెనకేసుకు రాను. కాయిల్ మార్చే ముందు నిప్పురవ్వ చూడటానికి అర నిమిషం పట్టేది. బ్యాటరీ మార్చినా తేడా రానప్పుడు ఆగి ఉండాల్సింది. అది బేరాల మార్కెట్ తప్పు కాదు, ఆయన తప్పే.

గొట్టం ఎందుకు పెళుసెక్కిందంటే ముప్పై ఏళ్ళ రబ్బరు, దానికి వేరే కారణం అక్కర్లేదు. కానీ ఇథనాల్ కూడా ఒక చెయ్యి వేసి ఉండొచ్చని నా అనుమానం. 2003లో మన రాష్ట్రంతో సహా కొన్నిచోట్ల పెట్రోల్లో 5 శాతం కలపడం మొదలుపెట్టారు, 2022కి దేశమంతటా 10 శాతం, 2025కి 20 శాతం అయింది. ఆ కాలపు రబ్బరు గొట్టాలు, డయాఫ్రాములు ఇంత ఇథనాల్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పైగా ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, నెలన్నర నిలబడ్డ ట్యాంకులో నీళ్ళు ఎక్కువైతే అడుగున విడిపోతుంది. తమాషా ఏమిటంటే ఇది కొత్త ఆలోచన కాదు. చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్ నుంచి తీసిన ఆల్కహాల్ని పెట్రోల్లో కలపడానికి 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టం ఉండేది. మా చెరుకే తిరిగొచ్చి మా కారు గొట్టం కొరికిందని కాక నవ్వాడు. మా చుట్టుపక్కల ఇప్పుడు ఎక్కువ వరీ మొక్కజొన్నే, నూకల నుంచీ మొక్కజొన్న నుంచీ కూడా ఇథనాల్ తీస్తున్నారు కాబట్టి ఆ జోకు ఇంకా చెల్లుతుంది.

మీ నాన్నగారిది ఎంపీఎఫ్ఐ బండి అయితే గొంతులో పెట్రోలు పోసే పని పెట్టుకోకండి. తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా, వెనక సీటు దగ్గర చెవి పెట్టమనండి. చాలా బండ్లలో రెండు క్షణాలు పంపు జుయ్యిమంటుంది. అది వినపడకపోతే ఫ్యూజు, రిలే, ఆ తర్వాత పంపు, ఆ వరుసలోనే. వినపడితే స్కానర్ ఉన్నవాడి దగ్గరికెళ్ళి, క్రాంక్ సెన్సర్ సిగ్నల్ వస్తోందా అని ముందుగా అడగండి. డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ దీపం మెరుస్తుంటే మాత్రం స్పేర్ తాళంతో ఒకసారి ప్రయత్నించాకే ఎవరినైనా పిలవండి.

బాపు ఇప్పుడు ఊరెళ్ళేముందు బండి తాళం కాక చేతికిచ్చి వెళ్తున్నారు, వారానికోసారి ఎడపల్లిదాకా తిప్పి తెమ్మని. కాక పెట్రోలు డబ్బులు తీసుకుంటాడు. గొట్టం వెతికినదానికి ఏమైనా ఇస్తామంటే మాత్రం, “నేనేం మార్చిన్రా?” అన్నాడు.