సంచి బోర్లించాకే మాత్ర

యూరాలజీ ఓపీ మొదటి అంతస్తులో ఉంది. మరుగుదొడ్డి మాత్రం నడవా ఆ చివర, ఎక్స్‌రే గది కూడా దాటాక. మూత్రం ఆపుకోలేక వచ్చేవాళ్లకు దాన్ని అంత దూరాన కట్టించిన మహానుభావుడెవరో గానీ, ఫలితం కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. డాక్టరు గది ముందున్న కుర్చీలు సగం ఖాళీ. మరుగుదొడ్డి పక్క గోడకు మాత్రం జనం ఆనుకుని నిలబడ్డారు. నంబరు పిలిస్తే వినపడదని ఒకాయన మనవణ్ణి ఓపీ తలుపు దగ్గర కాపలా పెట్టాడు.

గుంటూరు వైపు ఒక బోధనాసుపత్రి ఇది. నేను చూడాలనుకున్నది డాక్టరు గది పక్కనే ఉన్న మందుల సలహా గది. మన దేశంలో 2008లో మొదలైన ఫార్మ్‌డీ అనే ఆరేళ్ల చదువు చదివిన అమ్మాయి అక్కడ కూర్చుంటుంది. బల్ల మీద బీపీ మిషను, గీతలున్న ప్లాస్టిక్ కొలత గ్లాసు, ఒక భూతద్దం, ఖాళీ స్టీలు పళ్లెం. పళ్లెం ఎందుకో మొదట అర్థం కాలేదు.

ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామందిది ‘ఓవరాక్టివ్ బ్లాడర్’. ఆ మాట చీటీ మీద ఉంటుంది గానీ నోట రాదు. ఆడవాళ్లు ‘ఆగట్లేదమ్మా’ అంటారు, మగవాళ్లు ‘పాసు ప్రాబ్లం’ అంటారు. మామూలుగా మూత్రాశయం మూడు నాలుగు వందల మిల్లీలీటర్లు నిండేదాకా ఓపిక పడుతుంది. ఈ జబ్బులో అది నిండకముందే గోడలోని కండరం బిగుసుకుంటుంది. ఉన్నపళంగా పరుగెత్తాలి, లేకపోతే చీర తడిసిపోతుంది. పగలు ఎనిమిది సార్లకు మించి వెళ్లడం, రాత్రి నిద్రలో లేవాల్సి రావడం కూడా దీని లక్షణాలే. ప్రాణం తీసే జబ్బు కాదు. పెళ్లిళ్లకు, తిరపతికి, బస్సు ప్రయాణాలకు మనిషిని దూరం చేసే జబ్బు.

లోపలికి వెళ్లేముందు యూరాలజీ డాక్టరుగారితో కాసేపు మాట్లాడాను. ‘మాత్ర రాయడం నిమిషం పనండీ. ఎవరికి రాయకూడదో ఏరుకోవడానికే టైము పడుతుంది’ అన్నారు. మూత్ర పరీక్షలో ఇన్ఫెక్షన్ ఉంటే ముందు దాన్ని తగ్గించాలి. షుగరు అదుపులో లేకపోతే ఎంత మందేసినా పరుగులు ఆగవు. షుగరుకే ఇచ్చే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు చక్కెరను మూత్రంలోకి తోసేస్తాయి, దాంతోపాటు నీరూ పోతుంది. అది మొదలెట్టాకే ఈ బాధ వచ్చిందా అని అడగకుండా ఇంకో మందు రాయడం దండగ అంటారాయన. మూత్రం పోసొచ్చాక స్కానింగు చేసి లోపల ఎంత మిగిలిందో చూడటం కూడా తప్పనిసరి, మగవాళ్లకు మరీను. ప్రోస్టేటు అడ్డుపడి మూత్రం లోపలే నిలిచిపోతున్న మనిషికి కండరాన్ని వదులు చేసే మాత్ర ఇస్తే అసలు రాకుండా ఆగిపోయి, గొట్టం వేసి తీయాల్సి రావచ్చు.

తిరిగి సలహా గదిలోకి వచ్చేసరికి పళ్లెం సంగతి తెలిసింది. పల్నాడు పల్లె నుంచి ఒక మామ్మగారు కోడలితో వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, చెవులకు దుద్దులు, చేతిలో బట్టల కొట్టు ప్లాస్టిక్ సంచి.

‘మామ్మా, ఇంట్లో వేసుకునే మాత్రలన్నీ తెచ్చావా?’

‘బీపీవి తెచ్చానమ్మాయ్.’

‘బీపీవే కాదు, అన్నీ.’

మామ్మ కోడలి వంక చూసింది. కోడలు సంచి తీసుకుని పళ్లెంలో బోర్లించింది. సగం వాడిన స్ట్రిప్పులు, కత్తెరతో కోసిన ముక్కలు, ఒక జండూబామ్, రెండు రూపాయి బిళ్లలు గలగలా పడ్డాయి. అమ్మాయి భూతద్దం పెట్టి ఒక్కో ముక్క మీద పేరు చదువుతూ రెండు వరసలు పేర్చింది. కోసిన ముక్కల మీద సగం పేరే మిగిలింది. మందుల షాపులో పది మాత్రల స్ట్రిప్పును నాలుగుకీ మూడుకీ కత్తిరించి ఇవ్వడం మనకు అలవాటే. పేరు, గడువు తేదీ ఏ ముక్కకు పోయాయో చూసేవాళ్లు తక్కువ.

ఒక వరసలో బీపీ మాత్ర, కాల్షియం, గ్యాసు మాత్ర. రెండో వరసలో నిద్ర పట్టడం లేదంటే, కాళ్లు మంటలంటే ఎవరో రాసిన అమిట్రిప్టిలిన్, జలుబు చేసినప్పుడల్లా వేసుకునే క్లోర్‌ఫెనిరమిన్ మాత్ర, కడుపు నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన డైసైక్లోమిన్. వాటి పక్కన ఇవాళ డాక్టరు కొత్తగా రాసిన సోలిఫెనాసిన్ 5 మిల్లీగ్రాములు పెట్టింది.

‘ఈ నాలుగూ ఒక గూటివే’ అంది నాతో.

శరీరంలో అసిటైల్‌కోలిన్ అనే రసాయనం నరాల కబురును కండరాలకు, గ్రంథులకు చేరవేస్తుంది. మూత్రాశయం కండరం బిగిసేది ఆ కబురు అందినప్పుడే. సోలిఫెనాసిన్, టోల్టెరోడిన్, ఆక్సిబ్యుటినిన్ ఆ కబురును అడ్డుకుంటాయి. అయితే అవి మూత్రాశయం దగ్గరే ఆగవు. ఒక ఇంటికి కరెంటు తీయబోయి ట్రాన్స్‌ఫార్మరు దగ్గరే ఫ్యూజు పీకినట్టు, నోట్లో లాలాజలం తగ్గుతుంది, పేగుల కదలిక మందగిస్తుంది, చూపు మసకబారుతుంది. వయసు మళ్లినవాళ్లలో కొందరికి మనసు కూడా తికమకపడుతుంది. జలుబు మాత్ర, నిద్ర మాత్ర, కడుపు నొప్పి మాత్ర చేసేదీ కొంతవరకు అదే పని. విడివిడిగా చూస్తే ఒక్కోటీ చిన్న డోసే. నాలుగూ ఒకే కడుపులో పడితే మోత పెరుగుతుంది.

కోడలు అప్పటిదాకా మాట్లాడలేదు. ‘సాయంత్రమైతే అత్తయ్య ఒక్కోసారి పొద్దున్నేమో అనుకుంటున్నారండీ. వయసు వల్లనేమో అనుకున్నాం’ అంది. అమ్మాయి వెంటనే కొత్త స్ట్రిప్పు పక్కన పెట్టేసి డాక్టరు గదికి వెళ్లొచ్చింది. డైసైక్లోమిన్, జలుబు మాత్ర ఇక వేసుకోవద్దన్నారు. అమిట్రిప్టిలిన్‌ను మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, రాసినాయన దగ్గరికే వెళ్లి మెల్లగా తగ్గించుకోవాలని చీటీ వెనక తెలుగులో రాసిచ్చారు. బ్లాడర్ మాత్ర ఇవాళ్టికి లేదు, నెల తర్వాత చూద్దాం అన్నారు. మామ్మకు కోపమొచ్చింది. ‘ఇంత దూరం వచ్చింది ఉన్న మాత్రలు తీయించుకోడానికా!’ అంది. నాకైతే ఆ గదిలో ఆ పూట చేసిన పనుల్లో అదే పెద్దది అనిపించింది.

ఈ గూటి మందులకూ మతిమరుపుకూ సంబంధం మీద 2015లో అమెరికాలోని సియాటిల్ ప్రాంతం నుంచి ఒక అధ్యయనం వచ్చింది. 65 ఏళ్లు, ఆపైబడిన 3,434 మందిని ఏళ్ల తరబడి గమనిస్తే, వీటిని ఎక్కువ మోతాదులో, ఎక్కువ కాలం వాడినవాళ్లలో డిమెన్షియా ఎక్కువగా కనిపించింది. మందే కారణమని దానితో రుజువైపోదు. భయపడి మాత్రలు చెత్తబుట్టలో వెయ్యమనీ కాదు. పెద్దవాళ్లకు తక్కువ డోసుతో మొదలెట్టి, అవసరం తీరాక ఆపే ఆలోచన మొదటి రోజు నుంచే ఉండాలని డాక్టర్లు అనడానికి ఇలాంటివే ఆధారం.

తర్వాత వచ్చిన ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. ఆయనది వేరే మందు, మిరాబెగ్రాన్. 2011లో జపానులో, మరుసటేడు అమెరికాలో అనుమతి పొందింది. ఇది కబురును అడ్డుకోదు. కండరాన్ని వదులు చేసే బీటా-3 గ్రాహకాలను తట్టి లేపుతుంది. అందుకని నోరెండడం, మలబద్ధకం తక్కువ. దీనికి బీపీ సంగతి చూసుకోవాలి. పై అంకె 180 గానీ, కింది అంకె 110 గానీ చేరి అదుపులో లేనివాళ్లకు ఇవ్వరు. మిగతావాళ్లకు కూడా మొదలెట్టాక బీపీ కొలుస్తూ ఉండాలి. గుండెకు వాడే మెటోప్రోలాల్, డిగాక్సిన్ లాంటివి దీనితో కలిస్తే రక్తంలో వాటి మోతాదు పెరుగుతుంది. ఆయన జేబులో ఉన్నది సరిగ్గా మెటోప్రోలాలే. గుండె డాక్టరుకు ఈ కొత్త మందు సంగతి చెప్పారా అంటే, ‘ఆయనది గుండె, ఇది కిందిది కదమ్మా’ అన్నారు. నవ్వొచ్చినా, మన ఇళ్లలో పెద్దలందరి లెక్కా అదే. ఏ డాక్టరుకు ఆ అవయవం. అమ్మాయి బీపీ, నాడి చూసి రాసుకుంది. కళ్లు తిరిగినా, నాడి బాగా నెమ్మదించినా వెంటనే రావాలని చెప్పి, గుండె డాక్టరుకు చూపించమని ఒక చీటీ ఇచ్చింది.

ఆయన ఇంకో మాట బయటపెట్టారు. మిరాబెగ్రాన్ మాత్ర గొంతు దిగడం లేదని వాళ్లావిడ రోట్లో నూరి మజ్జిగలో కలిపి ఇస్తోందట. అమ్మాయి కుర్చీ ముందుకు లాక్కుంది. ఆ మాత్ర రోజంతా కొంచెం కొంచెంగా కరిగేలా చేసింది. నూరితే ఆ మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. కొరకకూడదు, విరవకూడదు, నీళ్లతో అలాగే మింగాలి. మింగలేకపోతే ఆ మాట డాక్టరుకు చెప్పాలి, రోటికి కాదు.

గదిలో ప్రతివాళ్లకూ చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. పూటపూటా చెప్పీ చెప్పీ ఆ అమ్మాయి గొంతులో వాటికో లయ వచ్చేసింది. మందు పట్టుకోవడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, పది రోజులకే పని చెయ్యలేదని మానేయొద్దు. ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండు కలిపి వేసుకోవద్దు. కళ్లలో నీటికాసులున్నాయని కంటి డాక్టరు ఎప్పుడైనా అన్నారా? కిడ్నీ, లివరు జబ్బులున్నాయా? ఈ రెండింటిని బట్టి డోసు తగ్గుతుంది. మూత్రం బొత్తిగా ఆగిపోయినా, కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పెట్టినా, పెదాలూ ముఖమూ వాచినా, మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా మాత్ర ఆపి ఆసుపత్రికి రావాలి.

నోరెండిపోవడం దగ్గర మాత్రం ఒక చిక్కుంది. నోరెండుతోందని చెంబులకు చెంబులు నీళ్లు తాగుతారు, దాంతో మళ్లీ పరుగులు. మందు పని చెయ్యట్లేదంటారు. గుక్కెడు గుక్కెడు తాగి నోరు తడుపుకుంటే చాలు. దీనికి పూర్తి ఎదురు పక్క ఆడవాళ్ల బాధ. బస్టాండులో మరుగుదొడ్డి ఉండదని, ఉన్నా కాలు పెట్టలేమని పొద్దున్నుంచి నీళ్లే ముట్టరు. మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది. మలబద్ధకం పెరిగి అది కూడా మూత్రాశయాన్నే నొక్కుతుంది. మాత్రతో ఇది తీరేది కాదు. ఈ ఆసుపత్రి నడవాయే అందుకు సాక్ష్యం.

ఎండాకాలం సంగతి అడిగాను. రెంటచింతల వైపు నుంచి వచ్చేవాళ్లకు ఆ అమ్మాయి ఇది విడిగా చెబుతుందట. సోలిఫెనాసిన్ గూటి మందులు చెమటను తగ్గిస్తాయి. చెమట పట్టకపోతే ఒంటి వేడి దిగదు. మిరపకాయ కోతల్లో, కల్లాల్లో ఎండకు నిలబడేవాళ్లకు వడదెబ్బ తొందరగా తగులుతుంది. మే నెలలో మధ్యాహ్నం పొలం వద్దని, వెళ్లక తప్పకపోతే తల తిరిగినప్పుడు ‘ఎండలే’ అని ఊరుకోవద్దని చెబుతుంది. ఈ మాట చీటీల మీద నాకెక్కడా కనిపించలేదు.

కొలత గ్లాసు సంగతి కూడా చెప్పాలి. మూడు రోజులపాటు ఎన్నింటికి, ఎంత తాగారు, ఎంత పోశారు, ఎప్పుడు ఆగలేదు అని రాసి తెమ్మని గ్లాసు, కాగితం ఇస్తారు. చదువు రానివాళ్లు గీతలు గీస్తారు. ఒకామె కాగితంలో సాయంత్రం ఆరు తర్వాత నాలుగు టీలున్నాయి. రాత్రి లేవడాలూ నాలుగే. టీలు తగ్గించి, పోవాలనిపించినప్పుడు కాసేపు కింది కండరాలు బిగబట్టి ఆపుకోవడం నేర్చుకుని, ఆమె ఇప్పటికి మాత్ర లేకుండానే నెట్టుకొస్తోంది.

మాత్ర వేసుకున్నాక ఏదైనా తేడా చేస్తే రాసి పంపడానికి ఆ బల్ల సొరుగులో తెలుగు ఫారాలు కూడా ఉన్నాయి. దేశమంతటా మందుల దుష్ఫలితాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010లో మొదలైంది. గాజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. డాక్టరే చెప్పాలని లేదు, రోగి కూడా 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు. సొరుగులో ఫారాల కట్ట మాత్రం కొత్తగానే ఉంది. ‘నోరెండిందని ఫారం నింపుతారా సార్, ఇక్కడిదాకా వచ్చి చెప్పడానికే సిగ్గుపడతారు’ అంది.

పన్నెండున్నరకు ఓపీ మూసే వేళ ఒకాయన ఖాళీ స్ట్రిప్పు పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చాడు. భార్య వాడుతున్న సోలిఫెనాసిన్. ఆమెకు బాగా పనిచేసిందట.

‘నాకూ ఇదే బాధ తల్లీ. ఇదే పేరు రాసిస్తే షాపులో కొనుక్కుంటా.’

‘బాబాయ్, మూత్రం ధారగా వస్తుందా? ముక్కి పోయాల్సొస్తుందా?’

‘కాస్త ముక్కాలి.’

‘అయితే ఇది నీకు కాదు. స్కానింగు కాకుండా ఇది మింగావంటే రాత్రికి ఎమర్జెన్సీలో కలుస్తాం’ అంటూ స్ట్రిప్పు తీసుకుని సొరుగులో వేసి, మర్నాటి ఓపీ చీటీ మీద రాయడానికి ఆయన వయసెంతని అడుగుతోంది.