నీ గోల్డ్‌వింగ్ టైర్ల గురించి

ఇర్వింగ్, టెక్సస్

ఒరేయ్ రమణా,

అమ్మ మోకాలి ఆపరేషన్ తర్వాత మెల్లగా మెట్లెక్కుతోందని విని ప్రాణం కుదుటపడింది. ఆవిడ పూర్తిగా కోలుకునేదాకా తెనాలి నుంచి కదలకు. నీ గోల్డ్‌వింగ్ బైకు మా గరాజ్‌లో భద్రంగా ఉంది. దాని టైర్ల గురించే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే “గాట్లు ఇంకా ఉన్నాయి కదరా, ఈ ఏడాది లాగించేద్దాం” అని తేల్చేస్తావు.

గాట్లు ఉన్నమాట నిజమే. కానీ నిన్న టార్చి వేసుకుని వెనక టైరు పక్కగోడ చదివాను. డాట్ అని మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు 1218. అంటే 2018లో పన్నెండో వారం సరుకు. అయిదేళ్ళు దాటాక ఏటా పరీక్ష చేయించమనీ, పదేళ్ళు నిండితే చూడ్డానికి బాగున్నా తీసేయమనీ టైరు కంపెనీలు చెబుతాయి. దీనికి పదేళ్ళు నిండలేదు. అయినా ఇక్కడి ఎండలకి నేను అంతదాకా ఆగను. బొటనవేలితో గాటుని కాస్త విడదీస్తే అడుగున వెంట్రుకవాసి పగుళ్ళు వరసగా కనపడుతున్నాయి. గోరు నొక్కితే దిగడం లేదు, రబ్బరు అంత గట్టిపడింది. తడిరోడ్డు మీద దాన్ని నమ్మలేం.

ముందు టైరుది ఇంకో జబ్బు. అరచేత్తో ఒకవైపు నిమిరితే నున్నగా ఉంటుంది, ఎదురు నిమిరితే మెట్లుమెట్లుగా తగులుతుంది. హైవే ఎక్కగానే హ్యాండిల్లోంచి వచ్చే ఆ రొద దానిదే. గాలి తక్కువైనా, ముందు సస్పెన్షన్ నీరసించినా ఇలా అరుగుతుంది. అందుకే టైరుతో పాటు సస్పెన్షన్, స్టీరింగ్ బేరింగులు కూడా చూపిస్తాను, లేకపోతే కొత్తదానికీ అదే గతి.

ఇక నువ్వడిగిన కారు టైరు సంగతి. వెనక చక్రానికి కారు టైరు వేసుకుని తిరిగేవాళ్ళు ఈ దేశంలో చాలామందే ఉన్నారు, దానికి ‘డార్క్‌సైడ్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. చవక, పైగా చాలా ఎక్కువ మైళ్ళు వస్తుంది. వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. కానీ కారు ఒరగదు, మోటార్‌సైకిల్ ఒరుగుతుంది. మన టైరు గుండ్రంగా ఉండేది అందుకే. బండి ఎటు ఒరిగినా ఆ గుండ్రంలో ఏదో ఒక భాగం రోడ్డుకి ఆనుకునే ఉంటుంది. కారు టైరు బల్లపరుపు. ఒరిగితే అంచుమీద నిలబడుతుంది, పక్కగోడ నలుగుతుంది. రిమ్ములో టైరు అంచు కూర్చునే చోటు కూడా కారుదీ బైకుదీ ఒకేలా ఉండవు.

ఐ-20 మీద మిడ్‌ల్యాండ్ దాకా ముక్కుసూటిగా నడిపి, మధ్యలో చదునుగా అరిగిన టైరుతో మలుపు తిరగడం నీకు తెలిసిందే. బండి మొదట ఒరగనని మొండికేస్తుంది, ఆ తర్వాత ఒక్కసారిగా వాలిపోతుంది. కారు టైరుకి ఆ చదును కొత్తలోనే ఉంటుంది. లేకీ దగ్గర రాంచ్ రోడ్ 337 తలుచుకో. ఒక మలుపు పూర్తికాకుండానే ఇంకోటి. 400 కిలోలు దాటిన బండి, దానిమీద నువ్వు, వెనక చెల్లెమ్మ, మూడు పెట్టెల సామాను. చెల్లెమ్మ కూర్చునేది దాదాపు ఆ టైరు మీదే. మైళ్ళ లెక్క నేను కట్టలేనురా. కారు టైరు నా చేతులతో ఎక్కించను.

బరువు లెక్క మాత్రం కట్టాను. ఇప్పుడున్న వెనక టైరు 180/60 ఆర్ 16, దాని పక్కన 74 హెచ్. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. 74 అంటే ఆ ఒక్క టైరు 375 కిలోలు మోస్తుంది, అదీ గాలి సరిగ్గా ఉంటేనే. డన్‌లప్ ఎలైట్ 4 ఇదే సైజులో 80తో వస్తుంది, అంటే 450 కిలోలు. నిండు సామానుతో, ఇద్దరుగా తిరిగే మీకు ఆ 75 కిలోల వెసులుబాటు ఉండాలని నా పట్టు. ముందుకీ అదే రకం, 130/70 ఆర్ 18. రెండూ రేడియల్, రెండూ ఒకే కంపెనీవి. ధర కొంచెం ఎక్కువే అవుతుంది, ఇక్కడ చూసుకోవద్దు.

పని పెద్దది కాదు. వెనక చక్రం ఒకవైపే పట్టి ఉంటుంది కాబట్టి కారుకి లాగా అయిదు నట్లు విప్పితే ఊడొస్తుంది. చక్రాలు విప్పి షాపుకి పట్టుకెళ్ళి, నా కళ్ళముందే బిగించి బ్యాలెన్స్ చేయిస్తాను. వాల్వులు కొత్తవి. చక్రం చేతిలో ఉండగానే బ్రేక్ ప్యాడ్లు కూడా చూసేస్తాను.

గాలి మాత్రం చల్లటి టైరులో ముందు 36, వెనక 41. పక్కగోడ మీద రాసిన పెద్ద అంకె గరిష్ఠ హద్దు, ఎవరు చెప్పినా అంత కొట్టించొద్దు. కొత్త రబ్బరు పైపొర పోయేదాకా జారుతుంది. అందుకని నువ్వొచ్చాక మొదటి వంద మైళ్ళు ఒక్కడివే, నెమ్మదిగా నడుపు. ఆ తర్వాతే చెల్లెమ్మని ఎక్కించుకో.

సరేనని ఒక్క ముక్క రాయి, సోమవారం ఆర్డరు పెట్టేస్తాను.

నీ
సుధాకర్