ఐదు విజయాల కోట

ఇటలీలో కొండల మీద ప్రాకారాల మధ్య ఒదిగిన పాత ఊళ్ళ బొమ్మలు క్యాలెండర్లలో చూసి ముచ్చటపడతాం. మన విజయనగరం కోటని మాత్రం బస్సు కిటికీలోంచి చూసి ఊరుకుంటాం.

1713లో, విజయ నామ సంవత్సరంలో, విజయదశమి నాడు, మంగళవారం, అంటే జయవారం, విజయరామరాజుగారు ఈ కోటకి శంకుస్థాపన చేశారట. ఊరు సరే, విజయనగరం! వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోండి, ఐదు విజయాలు. ముహూర్తం పెట్టిన సిద్ధాంతిగారు ఎంత మురిసిపోయారో!

అంత గట్టి ముహూర్తమూ, అంతెత్తు గోడలూ ఎవరిని కాపాడాయి చెప్పండి? 1757 జనవరిలో బుస్సీ ఫిరంగుల ముందు బొబ్బిలి కోట కూలింది. అక్కడి ఆడవాళ్ళూ పసిపిల్లలూ ఆ కోటలోనే ప్రాణాలొదిలారు. గెలిచిన విజయనగరం రాజుగారు మూడో రాత్రి తన గుడారంలోనే తాండ్ర పాపారాయుడి చేతిలో పోయారు. ఆ కబురు విని చెల్లెలు పైడిమాంబ ప్రాణం విడిచిందనీ, తరవాత పెద్దచెరువులో విగ్రహమై దొరికిందనీ మా వైపు చెప్పుకుంటారు.

ఆవిడే పైడితల్లి. విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం ఆవిడకి సిరిమానోత్సవం. సిరిమాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. రాజవంశం వాళ్ళు బురుజు మీంచి దణ్ణం పెడతారు. అదే దసరా, అదే మంగళవారం! కానీ ఆవేళ గెలుపు ఊసెత్తేవాళ్ళుండరు. అన్న కోసం ఏడ్చిన చెల్లెలికే పసుపూ కుంకుమా.

కోట కట్టిన రాజుగారి పేరు పిల్లలు పరీక్షల కోసం బట్టీపడతారు. చెల్లెలి పేరు? పైడిరాజు, పైడమ్మ, పైడితల్లి అని మా ఊళ్ళలో ఆ పిల్లలకే పెట్టుకుంటాం.