లారీ ఆగిన చోటు

1996 నవంబరు 6, బుధవారం. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. కోనసీమలో గోదారి పాయ ఒడ్డున మా ఊరు. ఊరంటే ఊరు కాదు, ఊరికి దిగువనున్న పేట. తోటలన్నీ ఊరివాళ్ళవి. ఆ తోటల్లో చెట్లెక్కి దింపు తీసేది మా నాన్న. కాయ వొలిచేది మా అమ్మ. రాలిన ఆకు ఏరుకొచ్చి తడికలు అల్లేది మా నానమ్మ. చెట్టు వాళ్ళది, చెట్టెక్కే భయం మాది.

ఆ రోజు చీకటి పడేసరికి గాలి తీరు మారిపోయింది. మా తాటాకు కప్పు ఒక్క ఊపుతో లేచిపోయింది. నాన్న నన్నూ తమ్ముణ్ణీ పాత పంచెతో తన నడుముకి కట్టేసుకుని చర్చిలోకి పరుగెత్తాడు. పేటంతా అక్కడే ఉంది. కాసేపటికి చర్చి రేకులూ ఎగిరిపోయాయి. మోకాటి లోతు నీళ్ళలో, గోడకి ఆనుకుని, తెల్లారేదాకా నిలబడ్డాం. పెద్దవాళ్ళు ప్రార్థన చేశారు. మా నానమ్మ మాత్రం గాలిని తిట్టింది.

తెల్లారి చూస్తే చెట్లు లేవు. ఆకాశం అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా చచ్చిపోయారు. బలుసుతిప్ప, భైరవపాలెం వైపు వేటకెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. మా పేటలో ప్రాణాలు మిగిలాయి. ప్రాణాలు తప్ప ఏమీ మిగల్లేదు.

రెండో రోజు ఊరి పెద్దలు కబురు పెట్టారు. వీధిలో పడ్డ చెట్లు కొట్టి దారి చెయ్యాలన్నారు. పేట మగాళ్ళంతా గొడ్డళ్ళు పట్టుకుని వెళ్ళారు. రెండు రోజులు కొట్టి ఊరి వీధి శుభ్రం చేశారు. పేటకొచ్చే దారి దగ్గరకొచ్చేసరికి చీకటి పడింది. చేతుల్లో సత్తువ అయిపోయింది. కూలి ఎవరూ ఇవ్వలేదు. విపత్తు కదా, విపత్తులో కూలేమిటన్నారు.

నాలుగో రోజు మొదటి లారీ వచ్చింది. మా వాళ్ళు చేసిన దారి మీదే వచ్చి రామాలయం దగ్గర ఆగింది. "పేటకి దారి లేదు, లారీ వెళ్ళదు" అన్నారు. నిజమే, దారి లేదు. ఎందుకు లేదో మాత్రం ఎవరూ అడగలేదు.

మేం రామాలయం దాకా వెళ్ళాం. బియ్యం బస్తాలు ముందే అరుగు మీదికి దిగిపోయాయి. రేషను కార్డు చూపించమన్నారు. కప్పే ఎగిరిపోతే కార్డెక్కడుంటుంది? పులిహోర పొట్లాలు మా దాకా వచ్చేసరికి పులిసిపోయాయి. ఆఖర్న లారీ మీంచి బట్టలు విసిరారు. ఆ మూట మీద మా ఆడవాళ్ళూ, పిల్లలూ, ముసలాళ్ళూ పడ్డారు. పైన నిలబడ్డవాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. మా నానమ్మ మాత్రం చెయ్యి చాపలేదు. "విసిరితే ఎగిరి అందుకోటానికి మనమేమన్నా కాకులమా?" అంది.

మా అమ్మ చేతికి ఒక ఎర్ర ముఖమలు గౌను చిక్కింది. అంచులకి జరీ, నడుం దగ్గర చిరుగు. ఏ పట్నపు పిల్ల పుట్టినరోజుదో. నాకు వేరే బట్ట లేదు. అదే వేసుకుని బడికెళ్ళాను. ఊరి పిల్లలు నాకు పేరు పెట్టారు, తుఫాను గౌను. ఆరో తరగతి దాకా నా పేరు అదే. ఆ గౌను పంపిన తల్లి మంచి మనసుతోనే పంపి ఉంటుంది. అది ఎవరి ఒంటి మీదికి, ఎలా చేరుతుందో ఆమె ఆలోచించలేదు. అంతే తేడా.

తర్వాత లెక్కలు రాసేవాళ్ళొచ్చారు. "ఏం పోయింది?" అని అడిగారు. తోట ఉన్నవాళ్ళకి మా ఊళ్ళో చెట్టుకింత అని రాశారు. మాకేం పోయింది? ఒక పాక, నాలుగు కుండలు, ఒక ట్రంకు పెట్టె. అసలు పోయింది పని. కొత్త కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. ఆ ఆరేడేళ్ళు దింపు తీసేవాడు ఏం ఎక్కాలి? ఆ గడి వాళ్ళ కాగితంలో లేదు. ఉన్నవాడికి పోయినట్టు కనబడుతుంది. లేనివాడికి పోయింది లెక్కకే రాదు.

పదిహేను రోజులకి లారీలు ఆగిపోయాయి. అప్పుడొచ్చాడు ఒకాయన, సైకిలు మీద. సైకిలు భుజానేసుకుని పడ్డ చెట్లు దాటుకుంటూ పేటలోకొచ్చాడు. ఒక దుంగ మీద కూర్చుని మా నాన్నని అడిగాడు.

"రేపట్నుంచి ఏం చేసి బతుకుతారు?"

అప్పటిదాకా మమ్మల్ని ఆ మాట అడిగినవాడు లేడు. నాన్న కాసేపు మాట్లాడలేదు. "చెట్లు లేవండి. పడ్డవి కోసి దుంగలు చెయ్యొచ్చు. కోతకి మాకు రంపాలు లేవండి, ఆయ్" అన్నాడు.

వారం తిరక్కుండా రెండు రంపాలూ నాలుగు గొడ్డళ్ళూ వచ్చాయి. పేట దారి కొట్టటానికీ, మురుగు కాలవ తవ్వటానికీ రోజు కూలి ఇచ్చాడు. మా దారి మేం కొట్టుకుంటే మాకు కూలి! నానమ్మ రెండు రోజులు నమ్మలేదు. కూలిచ్చే ముందు రోజు సాయంత్రం ఆయన చర్చి ముందు నిలబడి జాబితా పైకి చదివాడు. నలభై మూడు ఇళ్ళు. "ఎవరి పేరన్నా తప్పిందా?" అనడిగాడు. కాలవ గట్టునుండే ఒంటరి ముసలమ్మ పేరు లేదు. మా అమ్మ లేచి చెప్పింది. ఆయన రాసుకున్నాడు. మా అమ్మ మాట ఒక కాగితం మీదికెక్కటం నేను చూడ్డం అదే మొదలు. ఆ కూలి డబ్బుల్లోంచే నా నోటుపుస్తకాలు. చదువు మానకుండా నన్ను నిలబెట్టింది ముఖమలు గౌను కాదు, ఆ రంపం.

ఇంత తెలిసినదాన్నే, నేనూ తప్పు చేశాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి నేలమట్టమయ్యాయి. కొబ్బరి అనే మాట వినగానే నాకు కడుపులో తిప్పింది. అప్పటికి నేను గవర్నమెంటు బళ్ళో టీచర్ని. పిల్లల చేత ఇంటింటికీ తిప్పించి పదకొండు బస్తాల బట్టలు పోగు చేయించాను. దసరా సెలవుల్లో వ్యాను కట్టించుకుని బయల్దేరాను. పలాస దాటి వజ్రపుకొత్తూరు వైపు పోతుంటే రోడ్డు పక్కన బురదలో బట్టల కుప్పలు. మాకంటే ముందొచ్చినవాళ్ళవి. మేకలు తొక్కుతున్నాయి.

ఒక కూడలిలో వ్యాను ఆపాం. ఒక ముసలామె దగ్గరికొచ్చి చూసి అంది, "బట్టలేటి సేసుకుంతామమ్మా? ఇన్ని రోజులై కరెంటు నేదు, బోరు ఆడదు. నీల్లు తెచ్చినారేటి?"

నీళ్ళు తేలేదు. ఆ వ్యాను కిరాయితో ఒక జనరేటరు అద్దెకి తెచ్చి ఉంటే ఊరి బోరు ఆడేది. మేం ఫోను చేసి అడగలేదు. అడగటం అవసరమని కూడా అనుకోలేదు. ఇచ్చేవాళ్ళం కదా!

దానికంటే పెద్ద తప్పు తిరిగొచ్చేటప్పుడు తట్టింది. పంచుతున్నంతసేపూ కూడలికి దూరంగా, చింతచెట్టు కింద నలుగురు ఆడవాళ్ళు నిలబడే ఉన్నారు. దగ్గరికి రాలేదు. వాళ్ళెవరో, ఎందుకు రాలేదో ప్రపంచంలో అందరికంటే నాకు బాగా తెలియాలి. నేను వ్యాను దిగలేదు. వీధి చివరికి పోలేదు. ఆఖరి బస్తా విప్పితే అందులో ఒక చిన్న పిల్ల గౌను ఉంది, మెరుపుల గుడ్డ. దాన్ని పైకెత్తి "ఎవరికి కావాలి?" అని అరిచింది నేనే.

ఆ రాత్రి రైల్లో నాకు నిద్ర రాలేదు.

ఇది నా ఒక్కదాని కథయితే రాయక్కర్లేదు. 2001 జనవరి 26 గుజరాత్ భూకంపం తర్వాతా, 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత నాగపట్నం తీరంలోనూ దళితులకి శిబిరాల్లో చోటివ్వలేదనీ, సాయం వాళ్ళ దాకా రాలేదనీ హక్కుల సంఘాలు ఊరూరా తిరిగి రాశాయి. సునామీ అప్పుడు పడవా వలా పోయినవాళ్ళే బాధితుల లెక్కలోకొచ్చారు. రేవులో చేపల తట్ట మోసేవాళ్ళు, ఉప్పుమడుల్లో కూలిచేసేవాళ్ళు లెక్క బయట మిగిలారు. మా నాన్న కథే. సముద్రం వేరు, అంతే.

2024 సెప్టెంబరు 1. బుడమేరుకి గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీ మీంచి పదకొండు లక్షల క్యూసెక్కులకి పైగా వరద పోయింది. మా ఉద్యోగ సంఘాలు ఒకరోజు మూలవేతనం ఇచ్చాయి. అది ఇవ్వాల్సిందే. ప్రభుత్వం చెయ్యాల్సిన పని మన చందాలతో తీరదు, తీర్చామనుకోకూడదు కూడా. అది అయ్యాక స్టాఫ్‌రూములో ఒక మేస్టారు పాత బట్టల మాట ఎత్తారు. నేను వద్దన్నాను. డబ్బు పోగుచేద్దాం, మూడు వారాలు ఆగుదాం, వెళ్ళి అడుగుదాం, ముందు పల్లంలో ఉన్న వీధులకి పోదాం అన్నాను.

"వరదకి కులముందా టీచరుగారూ? మీకెప్పుడూ మీ వాళ్ళే కనబడతారా?" అన్నారాయన.

"వరదకి లేదు మేస్టారూ, లారీకి ఉంది" అన్నాను.

గది నిశ్శబ్దమైపోయింది. నా గుండె దడదడలాడింది. ఉద్యోగంలో చేరాక అంతమంది ముందు అంత మాట నేనెప్పుడూ అనలేదు. తర్వాత నెమ్మదిగా గౌను కథ చెప్పాను. ఉద్దానం కథ కూడా చెప్పాను. నా తప్పు చెప్పాకే వాళ్ళు విన్నారు. నీరు పల్లమెరుగు అంటారు. ఆ పల్లంలో ఎవరుండాలో ఊరే నిర్ణయిస్తుంది కదా! ఆ మేస్టారు మొదటి వెయ్యి రూపాయలు తీసి బల్ల మీద పెట్టారు.

పద్నాలుగు మందిమి, 38,600 రూపాయలు. దారి ఖర్చులు ఎవరివి వాళ్ళే. మూడో వారంలో నలుగురం వెళ్ళి ఒక వీధిలో ఇల్లిల్లూ తిరిగాం. ప్రభుత్వం కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తులకి 10,000 ప్రకటించింది. ఆ జాబితాలో పేరు తప్పినవాళ్ళు సచివాలయం చుట్టూ తిరుగుతున్నారు. మళ్ళీ అర్జీ పెట్టటానికి ఆరు ఇళ్ళకి మేం కూర్చుని రాసిచ్చాం. దానికి పైసా ఖర్చు కాలేదు. టీచర్లకి చేతనైన దానం అది.

"రేపట్నుంచి ఏం చేసి బతుకుతారు?" అని అడిగాం. తొమ్మిది కుట్టుమిషన్లు బాగుచేయించటానికి 5,400. నాలుగు ఆటోల ఇంజన్లలో నీళ్ళు పోయాయి, వాటి మరమ్మతుకి తలా 4,000 చొప్పున 16,000. పదకొండు మంది పిల్లలకి సంచులు, పుస్తకాలు 8,800. సర్టిఫికెట్లు నానిపోయిన ఐదుగురికి అఫిడవిట్లు, ఫొటోలు, తిరుగుడు ఖర్చులు 3,000. టెన్త్ మార్కుల లిస్టూ, కులధ్రువీకరణ పత్రమూ పోతే మొదటి తరం చదువుకున్న పిల్లకి ఏం పోతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మిగిలిన 5,400 గురించి చెప్పాలి. వేరే ఊళ్ళనుంచి తెచ్చిన పారిశుద్ధ్య కార్మికులు ఆ బురదంతా ఎత్తారు. చచ్చిన పశువుల్ని ఎత్తారు. వాళ్ళెవరో ఇది చదివేవాళ్ళకి చెప్పాలా? అక్కడ నేను చూసినవాళ్ళు కొందరు ఉత్త చేతుల్తో, ఉత్త కాళ్ళతో దిగటం మాకు ముందొచ్చినవాళ్ళు ఫోనులో చూపించారు. మా పట్నంలో అలా వెళ్ళొచ్చిన పన్నెండు మందికి బూట్లూ చేతి తొడుగులూ కొన్నాం. బాధితుల జాబితాలో వాళ్ళు లేరు, సాయం చేసినవాళ్ళ సన్మానాల్లోనూ లేరు. మా నాన్న ఊరి దారి కొట్టినట్టే.

తిరిగొచ్చాక ప్రార్థన సమయంలో పిల్లల ముందు లెక్క పైకి చదివాను, సైకిలాయన చదివినట్టు.

విద్యార్థులు నన్ను అడుగుతుంటారు, ఇవ్వాలా వద్దా, ఎవరికివ్వాలి అని. ఇవ్వండి. ఫోనులో వచ్చిన క్యూఆర్ కోడుకి గుడ్డిగా ఇవ్వకండి. రసీదు అడగండి, గత విపత్తులో ఏం చేశారో అడగండి. ఆ ఊరి పేట నుంచి ఎవరన్నా ఆ సంస్థ జాబితా రాసేచోట కూర్చున్నారా అని అడగండి. మీరు కట్టని బట్ట పంపకండి. మొదటి వారం అందరూ ఇస్తారు, మీరు నెల తర్వాత కూడా ఇవ్వండి. ఆడవాళ్ళని విడిగా అడగండి, నలుగురిలో వాళ్ళు చెప్పలేనివి ఉంటాయి. ఇచ్చేటప్పుడు ఫొటో తీయకండి. లెక్క మాత్రం పైకి చదవండి.

మా నానమ్మ 2009లో పోయింది. రంపాలు తుప్పుపట్టి మా ఇంటి అటక మీద ఇప్పటికీ ఉన్నాయి. తుఫాన్లు ఆగవు. లారీలూ వస్తూనే ఉంటాయి. ఈసారి రామాలయం దగ్గర ఆపకండి. పేట చివరి ఇంటిదాకా రండి. దారి లేదంటారా, గొడ్డళ్ళివ్వండి, కూలివ్వండి. దారి మేమే కొడతాం.